కొత్త గొంతును కనిపెట్టేది ఎవరు?

ఒక కొత్త గాయకుడి పేరు లోకంలో మారుమోగగానే, అతణ్ణి ఎవరు కనిపెట్టారన్న ప్రశ్న వెంటనే పుట్టుకొస్తుంది. సముద్రం మీద ప్రయాణం చేస్తున్న నావికుడు దీవిని కనిపెట్టినట్లు, కళాకారుణ్ణి కూడా ఎవరో ఒక గొప్పవాడు కనిపెడతాడని జనసామాన్యం నమ్మకం. ఆ దీవిలో అంతకు మునుపే మనుషులు కాపురం ఉంటున్నారనే సంగతి ఎవరికీ అంతగా పట్టదు.

దర్శనం మొగులయ్యగారి విషయంలో జరిగింది సరిగా ఇదే. 2021 సెప్టెంబరు 2వ తేదీన ‘భీమ్లా నాయక్’ చిత్రంలోని పాట ఒకటి విడుదలయింది. సాహిత్యం రామజోగయ్యశాస్త్రిగారిది, సంగీతం తమన్‌ది. ఆ పాట ఎత్తుగడలో కొద్ది క్షణాలపాటు మొగులయ్యగారి గొంతు వినిపిస్తుంది. ఆ కొద్ది క్షణాలతోనే ఆయన పేరు తెలుగువారి ఇంటింటికీ చేరింది. మరుసటి ఏడు, 2022లో, భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. సినిమావారు ఒక జానపద గాయకుణ్ణి కనిపెట్టారని అందరూ సంతోషించారు. సంతోషించవలసిందే. కాని నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లెలకు ఆయన కొత్తవాడు కాడు. పండుగ సాయన్న వంటి వీరుల కథలను కిన్నెర మీద పలికించడం ఆయనకు పెద్దల నుంచి సంక్రమించిన విద్య. వెదురు దండికి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు అతికి తయారుచేసే ఆ పన్నెండు మెట్ల కిన్నెరను వాయించేవారు నేడు అతి స్వల్పం. అది ఏ అంగడిలోనూ దొరికే వాద్యం కాదు. వాయించేవాడే దానిని చేసుకోవాలి, చెడితే తానే బాగుచేసుకోవాలి. కనుక కిన్నెర వాద్యకుడు తొలగిపోతే ఒక గాయకుడితోపాటు ఒక పనివాడు కూడా తొలగిపోయినట్లే.

ఇందులో ఉపాధ్యాయులు ఆలోచించవలసిన విశేషం ఒకటి ఉన్నది. సినిమాపాట రాకముందే ఈ కళను తెలంగాణ ప్రభుత్వం 8వ తరగతి సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకంలో చేర్చింది. అంటే ఎందరో బాలబాలికలు ఆ పేరును చదివారు, పరీక్షకు వల్లె వేశారు, అటుపిమ్మట మరచిపోయారు. అదే పేరును సినిమా చెప్పినప్పుడు అపూర్వమైన సంగతి తెలిసినట్లు ఆశ్చర్యపోయారు. పుస్తకంలో అక్షరాలున్నవి, నాదం లేదు. పాఠం చెప్పేవారు కూడా, వేరు సాధనం లేక కొందరు, తీరిక లేక కొందరు, కిన్నెరను ఒక ప్రశ్నగా, దానికొక జవాబుగా ముగించి ఉంటారు. పాఠ్యప్రణాళిక బరువు తెలిసినవారెవరూ వారిని తప్పుపట్టరు. ఐనా నేడు దాదాపు ప్రతి ఉపాధ్యాయుడి జేబులోనూ ఫోను ఉన్నది. మూడు నిమిషాలపాటు ఆ వాద్యాన్ని తరగతిలో వినిపించి ఉంటే, ఆ పిల్లలకు మొగులయ్యగారిని సినిమావారు పరిచయం చేయవలసిన అవసరం ఉండేది కాదు.

ఇంతకన్న బాధాకరమైన సంగతి తరువాత జరిగింది. పద్మశ్రీ వచ్చిన సందర్భంలో రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అయినప్పటికీ 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడం పనిలో కూలీగా కనిపించారని పత్రికలు వ్రాశాయి. దీనికి ప్రభుత్వాన్ని నిందించినవారున్నారు, ఆయన ధనం నిలుపుకోలేదన్నవారూ ఉన్నారు. ఈ వాదోపవాదాలలో ఒక చిన్న ప్రశ్న మరుగున పడిపోయింది. ఆ పాటను లక్షలసార్లు విన్నవారిలో, ఆయన పాడే పూర్తి కథను ఒక్కసారైనా వినాలని కూర్చున్నవారెందరు? పిలిచి, చాప పరచి, చివరిదాకా విని, సంభావన ఇచ్చి పంపిన ఊళ్లెన్ని? బిరుదు ఒకనాటి ఉత్సవం. గాయకుడి పొయ్యి వెలిగేది నెలకు నాలుగు కచ్చేరీలు ఉన్నప్పుడు.

పూర్వం గుణగ్రహణం వేరొక విధంగా సాగేది. 1966 డిసెంబరులో ఎస్. పి. కోదండపాణిగారు ఒక యువకుడి చేత తొలి సినిమాపాట పాడించారు. ఆ యువకుడు బాలసుబ్రహ్మణ్యం. పోటీలో గొంతు విని మెచ్చుకోవడంతో కోదండపాణిగారి పని ముగియలేదు. పిలిచి పాడించారు, తరువాత మళ్లీ మళ్లీ పాడించారు. అందుకే బాలసుబ్రహ్మణ్యంగారు దరిమిలా తాము స్థాపించుకున్న శబ్దగ్రహణ కేంద్రానికి ఆ గురువు పేరు పెట్టుకున్నారు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టినప్పుడు వారు చేసిందీ ఆ ఋణం తీర్చుకునే పనే. పాడిన పిల్లవాడికి మార్కులు వేసి ఊరుకోక, ఒత్తక్షరం ఎక్కడ జారిందో, ఏ పదం దగ్గర ఊపిరి తీసుకోవాలో, కవి ఆ మాట ఎందుకు వాడాడో అక్కడికక్కడే చెప్పేవారు. తెలుగు పండితుడు చేయవలసిన పనిని ఒక సినీగాయకుడు ఎరిగిన మాటలతో ఇంటింటా చేశాడని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఐతే పూర్వపద్ధతిని నెత్తిన పెట్టుకోవడం కూడా న్యాయం కాదు. ఆ ద్వారం దగ్గర కావలివారుండేవారు. సంగీతం నేర్చినవారికి, పట్నం చేరగలిగినవారికి, పరిచయం చేసేవారున్నవారికి మాత్రమే అది తెరుచుకునేది. 2018లో తూర్పుగోదావరి జిల్లా వడిశలేరుకు చెందిన పసల బేబి అనే శ్రామికురాలు ‘ప్రేమికుడు’ చిత్రంలోని పాట పాడగా, ఎవరో ఫోనులో పట్టారు. అది చేతులు మారి దేశమంతా తిరిగింది. సంగీత దర్శకుడు రఘు కుంచె ఆమెను పిలిచి పాడించారు. ఏ పరీక్షకుల మండలి ఎదుటకూ ఆమె ఏనాటికీ వెళ్లి ఉండేది కాదు, వెళ్లినా పిలుపు వచ్చేది కాదేమో. అలాగే 2023 మార్చిలో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడిన రాహుల్ సిప్లిగంజ్, అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచి యూట్యూబులో సొంత పాటలు విడుదల చేస్తూ వచ్చినవాడు. ఈ రెండింటిలోనూ కొత్త సాధనం చేసిన మేలు కాదనరానిది.

మేలు చేసిన ఆ సాధనమే చెరుపు కూడా చేస్తున్నది. ఎన్నిసార్లు విన్నారో లెక్కపెట్టడం ఫోనులోని యంత్రానికి బాగా తెలుసు. ఒక పాట వినగానే అటువంటిదే మరొకటి తెచ్చి ముందు పెడుతుంది. అది వినగానే దానివంటిదే ఇంకొకటి. పదిహేనేళ్ల పిల్లవాడు తన అభిరుచిని తానే ఏర్పరచుకుంటున్నానని అనుకుంటాడు. నిజానికి నిన్న విన్నదాని చుట్టూనే గానుగెద్దు మాదిరి తిరుగుతుంటాడు. కిన్నెర వంటిది ఆ చుట్టులోకి తనంత తానుగా రావడం కష్టం, ఎందుకంటే దానివంటిదానిని అతడు ఇంతకుముందు విని ఉండడు. పక్కనున్న మనిషి ‘ఇదొకసారి విను’ అనవలసింది ఇక్కడనే. ఆ మనిషి ఉపాధ్యాయుడు కావచ్చు, తాతగారు కావచ్చు, తోటి విద్యార్థి కావచ్చు.

ఈ మాటను ఆసరా చేసుకొని, ఈ కాలపు పాటలన్నీ గోల అని కొట్టివేసే పెద్దలకు కూడా ఒక సంగతి జ్ఞాపకం చేయాలి. 1952లో కేంద్రమంత్రి కేస్కర్‌గారి హయాంలో, అభిరుచిని సంస్కరించాలన్న సదుద్దేశంతో, ఆకాశవాణి సినిమాపాటలను దూరంగా పెట్టింది. శ్రోతలు సంస్కృతులు కాలేదు. రేడియో ముల్లును సిలోనుకు తిప్పారు. చివరకు 1957లో ‘వివిధభారతి’ని ప్రారంభించక తప్పింది కాదు. ఆనాడు చౌకబారని అనిపించుకున్న పాటలనే నేటి పెద్దలు ఆణిముత్యాలంటున్నారు. విద్యార్థి వినే పాటను ముందు చెవియొగ్గి వినని ఉపాధ్యాయుడు తాను మెచ్చిన పాటను అతని చేత వినిపించలేడు.

గాయకుల సంగతి ఇట్లా ఉండగా, రూపకల్పన చేసేవారి స్థితి మరీ విచిత్రం. పాడినవాడి పేరు ఆలస్యంగానైనా బయటపడుతుంది. అక్షరం గీసినవాడి పేరు బయటపడదు. బాపుగారి వ్రాత చూడగానే ‘ఇది బాపు’ అనగలగడం తెలుగుదేశంలో ఒకరికో ఇద్దరికో దక్కిన భాగ్యం. ఈనాడు కంప్యూటరులో తెలుగు అచ్చుకొట్టే విద్యార్థికి మండలి, సురవరం, పెద్దన, తిమ్మన అనే పేర్లతో ఎన్నో అక్షరరూపాలు ఉచితంగా లభిస్తున్నవి. మండలిని గీసినది పురుషోత్ కుమార్ గుత్తుల. పెద్దనను గీసినది అప్పాజీ అంబరీష దర్భ. కవుల పేర్లు, పెద్దల పేర్లు తెర మీద కనిపిస్తున్నవి, వాటికి ఆకారం ఇచ్చిన వీరి పేర్లు మాత్రం వెదికితే తప్ప తెలియవు. తెలుగు లిపికి రూపం కట్టడం సులభమైన పనీ కాదు. పైన తలకట్టు, గుడి, కొమ్ము. కింద ఒత్తులు, ఒత్తుకు మళ్లీ ఒత్తు. ఇంగ్లీషు అక్షరం ఇరవైఆరు ఇళ్లలో కాపురం ఉంటే, తెలుగు అక్షరం వందల సంయుక్తాలలో నడవాలి. పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడిని గుద్దుకోకుండా, రెంటి నడుమ వెలితి కనపడకుండా ఒక రూపం సిద్ధంచేయడానికి ఎంత కన్ను, ఎంత ఓర్పు కావాలో, చిత్రలేఖనం పీరియడులో ‘స్త్ర్య’ అనే అక్షరాన్ని అందంగా గీయమంటే పిల్లలకే బోధపడుతుంది.

పాఠశాలల వార్షికోత్సవాలు జరిగే రోజులలో, ప్రతి బడిలోనూ అవే నాలుగు సినిమాపాటలకు పిల్లలు నృత్యం చేస్తారు. చేయనివ్వవచ్చు, అందులో దోషం లేదు. వాటి మధ్య అరగంట ఖాళీ చేసి, ఆ చుట్టుపట్ల ఉన్న ఒగ్గుకథకుణ్ణో, బుర్రకథ దళాన్నో, సొంతంగా బాణీ కట్టుకున్న పాత విద్యార్థినో పిలిచి, శాలువాకు బదులు సొమ్ము చేతిలో పెట్టిన బడులు ఎక్కడో గాని లేవు. కార్యక్రమపత్రంలో పాట పేరు ఉంటుంది, కవి పేరు, గాయకుడి పేరు ఉండవు. ఆహ్వానపత్రిక మీద ముఖ్య అతిథి పేరు పెద్ద అక్షరాలలో ఉంటుంది. ఆ పత్రిక మీద బొమ్మ వేసిన తొమ్మిదో తరగతి అమ్మాయి పేరు కింద ఒక మూల చిన్న అక్షరాలలోనైనా వేయడానికి చోటు చాలదు.