పిడికిలి ఎందుకు అలసిపోతుంది?

బాలలారా, ఈ నెల పాఠం చదివేముందు ఒకసారి లేచి నిలబడండి. కుడిచెయ్యి నిటారుగా పైకెత్తండి. ఎడమచెయ్యి కిందికి వేలాడనివ్వండి. ఇప్పుడు రెండు పిడికిళ్ళూ ఒకేసారి గబగబా మూస్తూ, తెరుస్తూ పోండి. ఏ చెయ్యి ముందుగా "ఇక నావల్ల కాదు" అంటుందో చూడండి. అమ్మానాన్నలు కూడా సిగ్గుపడకుండా చేయవచ్చును.

చేశారా? పైకెత్తిన చెయ్యే ముందు ఓడిపోయి ఉంటుంది. చాలామందికి కుడిచెయ్యే బలమైనది గదా, మరి అదే ఎందుకు అలసింది? ఎత్తిన చేతిలోకి రక్తం ఎదురెక్కి పోవాలి. అందుచేత అది తక్కువగా అందుతుంది. కండరం ఎంత లావుగా ఉన్నా, రక్తం చాలకపోతే దాని ఆట కట్టు.

కండరం లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. వేళ్ళను ముడిచే పెద్ద కండరాలు వేళ్ళలో లేవు, మోచేతికీ మణికట్టుకూ మధ్య ఉన్నాయి. ఆ చోట రెండో చేత్తో పట్టుకుని పిడికిలి బిగించండి, అవి గట్టిపడటం తెలుస్తుంది. ఒక్కొక్క కండరం సన్నని పోగుల కట్ట. ఆ పోగులలో ఇంకా సన్నని దారాలు రెండు రకాలు ఉంటాయి. లావు దారాల పేరు మయోసిన్, సన్నదారాల పేరు ఆక్టిన్. మయోసిన్ దారానికి చిన్నచిన్న చేతులవంటివి ఉంటాయి.

మీరు బావిలో చేద తోడటం చూశారా? తోడేటప్పుడు తాడు పొట్టిది కాదు. ఒక చేత్తో లాగి, వదిలి, మరికాస్త ముందుకు పట్టుకుని మళ్ళీ లాగుతాము. మయోసిన్ చేతులు కూడా అంతే. ఆక్టిన్ దారాన్ని పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, ముందుకు పట్టుకుంటాయి. దారాలు ఒకదానిలోకి ఒకటి జారతాయి; దారం పొడవు తగ్గదు, కండరం మాత్రం కురచ అవుతుంది. ఈ సంగతిని 1954లో రెండు జట్ల శాస్త్రజ్ఞులు విడివిడిగా కనిపెట్టి, 'నేచర్' పత్రికలో ఒకేసారి ప్రకటించారు. ఒక జట్టులో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఉన్నారు. రెండవదానిలో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె. హక్స్‌లీలిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు!

ఈ చేతులు ఊరికే పనిచేయవు, కూలి ఇవ్వాలి. ఆ కూలి పేరు ఎ.టి.పి. వింత ఏమిటంటే, పట్టు వదలాలన్నా ఆ కూలి ముట్టవలసిందే. చచ్చిన చేప కొంతసేపటికి కర్రలాగా బిగుసుకుపోవటం మీరు చూసే ఉంటారు. ఎ.టి.పి. అయిపోయింది, మయోసిన్ చేతులు పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోయాయన్నమాట.

ఎ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కే, ఎల్లాప్రగడ సుబ్బారావు ఎవరికి వారే కనిపెట్టారు. సుబ్బారావుగారు 1895లో మన భీమవరంలో పుట్టినవారు. అంతకు రెండేళ్ళ ముందే, 1927లో, ఆయనా ఫిస్కే కలిసి కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. అది కండరం దాచుకున్న చిల్లర డబ్బు వంటిది. చేతిలోని ఎ.టి.పి. రెండు మూడు సెకన్లలో ఖర్చయిపోతే, ఈ చిల్లర మరొక పది సెకన్లు ఆదుకుంటుంది.

ఆ తరువాత? చక్కెరను కరగదీసి ఎ.టి.పి. చేసుకోవాలి. ప్రాణవాయువు లేకుండా చేస్తే ఒక గ్లూకోజు అణువుకు వచ్చేవి రెండే. ప్రాణవాయువు ఉంటే సుమారు ముప్ఫై! ఎంత తేడా చూడండి. పైకెత్తిన మీ చెయ్యి ఈ తేడా దగ్గరే ఓడిపోయింది.

ప్రాణవాయువును మోసుకొచ్చేవి ఎర్ర రక్తకణాలు. ఒక్క రక్తపు బొట్టులో కోట్లకొద్దీ ఉంటాయి. రెండువైపులా మధ్యలో నొక్కిన గారె ఆకారం. అయితే చిల్లు ఉండదు. ఒక్కొక్క కణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు, ఒక్కొక్క అణువు మీద నాలుగు ప్రాణవాయువు అణువులకు చోటు. ఈ కణం ఎంత నిజాయితీ గల కూలీ అంటే, తాను మోసే సరుకులో రవ్వంత కూడా తాను వాడుకోదు. ప్రాణవాయువుతో చక్కెర మండించే ఏర్పాటే దానిలో లేదు.

మరి సరుకు ఎక్కడ దించాలో దానికెలా తెలుసు? పనిచేస్తున్న కండరంలో ప్రాణవాయువు తగ్గుతుంది, వేడి పుడుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. అక్కడ హీమోగ్లోబిన్ పట్టు సడలుతుంది. బొగ్గుపులుసు వాయువు వల్ల పట్టు సడలుతుందని 1904లో చూపినవాడు డెన్మార్కుకు చెందిన క్రిస్టియన్ బోర్. పరమాణువు పాఠంలో మీరు చదివే నీల్స్ బోర్ ఈయన కొడుకే.

ఎర్రకణం ఆయుస్సు సుమారు 120 రోజులు. పోయినవాటికి బదులు ఎముకల మూలుగ సెకనుకు ఇరవై లక్షలకు పైగా కొత్తవి తయారుచేయాలి. అందుకు ఇనుము కావాలి, ఫోలిక్ ఆమ్లం కావాలి. 1945లో ఈ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన జట్టుకు పెద్ద ఎవరనుకున్నారు? మళ్ళీ మన సుబ్బారావుగారే! కండరానికి కూలి చూపించినవారే, రక్తానికి మందూ తయారుచేయించారు.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. డ్రిల్లు పీరియడులో ఒక్క చుట్టు తిరగగానే చతికిలపడే అమ్మాయిని, పాఠం మధ్య కునికే అబ్బాయిని "బద్ధకం" అని తీసిపారేయటం బడులలో చాలా చూశాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మగపిల్లలలో నూటికి 31 మంది. ఆ పిల్ల మనసు పరుగెత్తమనే అంటుంది. కండరంలో దారాలూ ఉన్నాయి. వచ్చే కణాలలోనే సరుకు చాలదు. ఆ పిల్ల రోజంతా చెయ్యి పైకెత్తి పిడికిలి మూస్తున్నట్టే లెక్క. తిట్టినందువల్ల హీమోగ్లోబిన్ పెరగదు, రక్తపరీక్ష చేయించండి. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో వేలి బొట్టుతోనే చూస్తారు. కడుపులో కొంకిపురుగులున్నా రక్తం పోతుంది, ఆ మాటా అడగండి.

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఉన్నవి ఈ రెండే: ఇనుము, ఫోలిక్ ఆమ్లం. పిల్లలూ, దానిని అన్నం తిన్నాక వేసుకోండి, పరగడుపున వద్దు, కడుపులో తిప్పుతుంది. వెంటనే టీ తాగకండి, టీ ఇనుమును ఒంటబట్టనీయదు. పప్పులోనో, ఆకుకూరలోనో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. మాత్ర వేసుకున్నాక విరేచనం నల్లగా అయితే హడలిపోయి మిగతావి కిటికీలోంచి పారేసేవాళ్ళున్నారు. అది ఒంటబట్టగా మిగిలిన ఇనుము రంగే.