అయిదు పిన్నుల ప్లగ్గు

ఈ నెల ఒక చిన్న ప్లగ్గును గూర్చి వ్రాస్తున్నాము. నవ్వకండి.

మా సంఘములోని ఒక తల్లి పాత స్పూలు టేపును చీర ముక్కలో చుట్టి తెచ్చి, "అయ్యగారూ, ఇందులో మా నాయన మాట ఉంది. నా పిల్లలెవ్వరూ వినలేదు" అన్నది. పాత టేపురికార్డర్లు బాగుచేసే పిచ్చి మాకున్నదని ఊరందరికీ తెలుసు. మా యింటావిడకు మరీ బాగా తెలుసు. మా యంత్రము తిరుగుతుంది గాని దాని స్పీకరు ఏనాడో పోయింది. వెనుక అర్ధచంద్రాకారముగా అయిదు రంధ్రముల సాకెట్టు ఉన్నది. జర్మనీ ప్రమాణముల సంస్థ పేరు మీద దానిని డిన్ అంటారు.

పట్టణములో అడిగితే సరిగ్గా పట్టే కేబులే ఇచ్చారు. ఒక కొన కోసి, కంప్యూటరుకు పెట్టే పిన్ను అతికించి విన్నాము. ఉస్సుమనే శబ్దమే గాని మాట లేదు. టేపు చెరిగిపోయినదమ్మా అని నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగాము.

ఆ రాత్రి మీటరు పెట్టి చూస్తే సంగతి తెలిసింది. అది కీబోర్డు వాద్యముల కేబులు. 1983లో వచ్చిన మిడి పద్ధతికీ ఇదే ప్లగ్గు. దానికి 2, 4, 5 పిన్నులు చాలును గనుక 1, 3 పిన్నులకు లోపల తీగే వేయలేదు. మా టేపురికార్డరులోనేమో ఎడమ ధ్వని 3 నుండి, కుడి ధ్వని 5 నుండి వస్తుంది, 2 ఎర్తు, 1, 4 రికార్డు చేయుటకు. ఆ పెద్దాయన మాట ఎడమ ట్రాకు మీదనే ఉన్నది!

హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లే తమ్ముడొకరిచేత విడి ప్లగ్గు తెప్పించాము. పిన్నుల అంకెలు వరుసగా ఉండవు, 1, 4, 2, 5, 3 అని ఉంటాయి. టంకము వేసే వైపు నుండి చూస్తే కుడి ఎడమలు తారుమారౌతాయి. మీలో ఎవరైనా ఈ పని చేస్తే, ప్లగ్గును ఒక పాత సాకెట్టులో గుచ్చి టంకము వేయండి. లేకపోతే వేడికి ప్లాస్టిక్కు కరిగి పిన్నులు ఒరిగిపోతాయి. మేము ఒకటి అట్లాగే పాడుచేశాము. రికార్డు మీట జోలికి మాత్రము పోకండి.

ఆదివారము సాయంత్రము ఆమె మనుమలతో సహా వచ్చి కూర్చున్నది. టేపు తిరిగింది. ముందు దగ్గు, తరువాత కోడి కూత, ఆ పైన పెద్దాయన గొంతు: "ఒరే, ఇది పని చేస్తున్నదంటావా?"