నెలవారీ పట్టికలో కనిపించని సైక్లిస్టు



మీ ఇంట్లోనో, మీ తరగతిలోనో ఒక సైకిల్ జట్టును నడుపుతున్న విద్యార్థి ఉండవచ్చు. ఆ జట్టుకు కార్యాలయం లేదు, సైకిళ్లూ లేవు. అది కంప్యూటరులో మాత్రమే ఉంటుంది. సయనైడ్ స్టూడియో అనే ఫ్రెంచి సంస్థ 2001లో ‘సైక్లింగ్ మేనేజర్’ అనే ఆటను వెలువరించింది. తరువాతి కాలంలో ‘ప్రో సైక్లింగ్ మేనేజర్’ అన్న పేరుతో అది అనేక దేశాల యువకులకు పరిచయమైంది. ఆడేవారి పని జట్టును నిర్వహించడం. ఎవరిని జీతానికి తీసుకోవాలి, ఎవరిని ఏ పందేనికి పంపాలి, ఎవరికి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలి అన్నవి వారు తీసుకోవలసిన నిర్ణయాలు.

ఈ ఆట ఆధారంగా కొందరు కలిసి లీగులు ఏర్పరచుకుంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జట్టు. జీతాల ఖర్చుకు ఒక పరిమితి. ఏడాది పొడవునా పందేలు. ఫలితాన్ని కంప్యూటరు తేలుస్తుంది. నెల ముగియగానే జట్ల స్థానాల పట్టిక వెలువడుతుంది. ఏ జట్టు ఎన్ని పాయింట్లు సంపాదించింది, ఎవరు ఎన్ని మెట్లు ఎక్కారు, ఎవరు దిగారు అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఏడాది చివర అడుగున మిగిలినవారు కింది విభాగానికి జారిపోయే నియమం కూడా ఇటువంటి లీగులలో కనిపిస్తుంది. అందుచేత పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసినంత ఆత్రంగా పిల్లలు ఆ పట్టిక కోసం ఎదురుచూస్తారు.

ఆ ఆత్రాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నేను చెప్పదలచినది ఒక్కటే. పాయింట్ల పట్టికను దాని నియమావళిని పక్కన పెట్టుకొని తప్ప చదవరాదు. నియమాలు వ్రాసినవారు దేనికి ఎంత వెల కట్టారో పట్టిక చెబుతుంది. అంతకు మించి అది చెప్పేది చాలా తక్కువ. ఈ సంగతి గ్రహించని పిల్లవాడు అంకెకు దాసుడవుతాడు. గ్రహించినవాడు అంకెను ప్రశ్నించగలుగుతాడు. ఆ ప్రశ్నించే అలవాటును నేర్పడానికి ఇంతకంటె సులువైన సాధనం మనకు దొరకదని నా నమ్మకం.

ముందుగా ‘నెల’ అన్న మాటను పరిశీలిద్దాం. సైకిల్ పందేల సంవత్సరం పన్నెండు సమభాగాలుగా సాగదు. మార్చిలో మిలాన్–సాన్ రెమో వస్తుంది. ఏప్రిల్‌లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, పారిస్–రూబే వస్తాయి. మే నెలలో ఇటలీని చుట్టే పందెం, జూలైలో టూర్ డి ఫ్రాన్స్, ఆగస్టు–సెప్టెంబరులలో స్పెయిన్‌ను చుట్టే పందెం జరుగుతాయి. రూబే పందెంలో ఎగుడుదిగుడు రాళ్ల బాటలపై అదురుతూ తొక్కవలసి ఉంటుంది. అక్కడ బలిష్ఠులు రాణిస్తారు. ఆల్ప్స్ కొండలు ఎక్కడానికి తేలికైన శరీరం కావాలి. ఒకే మనిషి రెండింటా మేటి కావడం అరుదు.

కాబట్టి రాళ్ల బాటల వీరులను కొనుక్కున్న పిల్లవాడు ఏప్రిల్ నెలాఖరున పట్టికలో అగ్రస్థానాన ఉంటే అందులో వింత లేదు. అతడే జూలై చివర పదిహేనవ స్థానానికి దిగినా వింత లేదు. వాపును చూసి బలుపనుకోరాదని మన పెద్దలు ఊరకే అనలేదు. నెలవారీ పట్టికను చూచినపుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ నెలలో ఏ పందేలు జరిగాయి, ఇంకా ఏవి మిగిలి ఉన్నాయి? పోయిన నెలతో పోల్చడం కంటె పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చడం మేలు. అదీ అన్నివేళలా చెల్లదు. కోవిడ్ కారణంగా 2020లో టూర్ డి ఫ్రాన్స్ ఆగస్టు 29న మొదలై సెప్టెంబరు 20న ముగిసింది. ఏప్రిల్‌లో జరగవలసిన పారిస్–రూబే 2021లో అక్టోబరుకు జరిగింది. ఆ సంవత్సరాల ఏప్రిల్ లెక్కను మరొక ఏప్రిల్ లెక్క పక్కన పెట్టి తీర్పు చెప్పేవారు క్యాలెండరును చూడనివారే.

రెండవది వెల సంగతి. ఇక్కడ ఆటను కాసేపు వదలి నిజమైన పందేల వైపు చూడవలసి ఉంటుంది. ఎందుకంటే పాయింట్ల పట్టిక మనుషుల నడవడిని ఎలా మార్చగలదో 2020 నుండి 2022 వరకు ఐరోపాలో అందరూ కన్నులారా చూశారు.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ మూడేళ్ల పాయింట్లను కూడి, మొదటి అంచెలో పద్దెనిమిది జట్లకు చోటు ఇస్తామన్నది. మిగిలినవి కింది అంచెకు దిగాలి. జట్టు లెక్కలో ఆ ఏడాది ఎక్కువ పాయింట్లు తెచ్చిన పదిమందివే కలుపుతారు. అప్పటి పాయింట్ల కొలబద్దను గమనించండి. టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక దశను గెలిచినవారికి 120 పాయింట్లు. ఒక పూట జరిగే చిన్న తరగతి పందేన్ని గెలిచినవారికి 125. రెండవ స్థానానికి టూర్ దశలో 50, చిన్న పందెంలో 85. కోట్లమంది చూచే పందెంలో, ప్రపంచంలోని మేటివారందరినీ ఓడించి గెలిచిన దశకు, ఒక ఊరి చుట్టూ సాగే పందెం కంటె తక్కువ వెల కట్టారన్నమాట.

ఫలితం ఊహించదగినదే. కింది స్థానాలలో ఉన్న జట్లు తమ మంచి సైక్లిస్టులను చిన్న పందేల వెంట తిప్పాయి. బెల్జియానికి చెందిన లొట్టో సూదాల్ జట్టులో ఇరవయ్యేళ్ల ఆర్నో ద లీ 2022లో ఇటువంటి పందేలలో విజయాలు సాధించి జట్టు పాయింట్లకు ప్రధాన ఆధారమయ్యాడు. అయినా లాభం లేకపోయింది. 2022 చివర లొట్టో సూదాల్, ఇజ్రాయెల్ ప్రీమియర్ టెక్ జట్లు మొదటి అంచె హోదాను కోల్పోయాయి. ఆల్పెసిన్, ఆర్కేయా జట్లు పైకి వచ్చాయి. 2023 నుండి సమాఖ్య తన కొలబద్దను మార్చుకున్నది. టూర్ దశ విజయానికి 210 పాయింట్లు ఇచ్చింది. జట్టు లెక్కలో పదిమందికి బదులు ఇరవైమందిని కలిపింది.

ఇందులో పిల్లలకు చూపవలసిన సూక్ష్మం ఉన్నది. 2022కూ 2023కూ నడుమ సైక్లిస్టుల కాళ్లలో బలం మారలేదు. కొండల ఎత్తు మారలేదు. ఒక కాగితం మీద అంకెలు మారాయి. దానితో ‘మంచి జట్టు’ అన్న మాటకు అర్థమే మారిపోయింది. కనుక రెండవ ప్రశ్న: ఈ పాయింట్లను ఎవరు నిర్ణయించారు, దేనికి ఎంత ఇచ్చారు?

ఒకే పందెంలో రెండు కొలబద్దలు రెండు విధాల తీర్పు చెప్పడమూ ఉన్నది. టూర్ డి ఫ్రాన్స్‌లో జట్ల వర్గీకరణకు పాయింట్లతో పని లేదు; ప్రతి దశలోనూ జట్టులో ముందు వచ్చిన ముగ్గురి సమయాలను కూడుతారు. 2020లో ఆ లెక్కన మోవిస్టార్ జట్టు ప్రథమ స్థానం పొందింది. ఆ ఏడాది ఆ జట్టు ఒక్క దశనూ గెలవలేదు. దాని సైక్లిస్టులలో మేటివాడు అయిదవ స్థానంలో నిలిచాడు. అయితే అది చెడ్డ జట్టా? కాదు. ముగ్గురు నిలకడగా ముందు వరుసలో ఉండడమూ ఒక గుణమే. ఆ కొలబద్ద ఆ గుణాన్నే కొలిచింది.

ఇక మూడవ సంగతికి వద్దాం. నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనది ఇదే.

సైకిల్ పందెంలో గెలుపు ఒకరి పేరిట నమోదవుతుంది గాని ఒకరి వలన కలగదు. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ పోతే, వెనుకనున్నవాడికి ఎంతో శ్రమ మిగులుతుంది. అందుకే ప్రతి జట్టులోనూ నాయకుని ముందు నిలిచి గాలి కాచేవారు, వెనుక వచ్చే కారు నుండి నీళ్ల సీసాలు మోసుకొచ్చేవారు, తమ చక్రాన్ని ఊడదీసి ఇచ్చేవారు ఉంటారు. వీరిని ఫ్రెంచిలో ‘దొమెస్తిక్’ అంటారు. ఇంటి పనివాడని దాని అర్థం. ఆ మాట గౌరవంతో పుట్టలేదు. 1911లో మోరీస్ బ్రొక్కో అనే సైక్లిస్టు మరొకరి కోసం తొక్కాడని టూర్ నిర్వాహకుడు ఆన్రీ డెగ్రాంజ్ అతడిని అలా ఎద్దేవా చేశాడు. నేడు అదే మాట ఒక వృత్తికి పేరు.

1934 టూర్‌లో రెనే వియెత్తో అనే ఇరవయ్యేళ్ల ఫ్రెంచి యువకుడు పిరనీ పర్వతాలలో తన నాయకుడు ఆంటొనిన్ మాన్య్ పడిపోగా తన చక్రాన్ని తీసి అతనికిచ్చాడు. తాను మాత్రం దారిపక్క గోడపై కూర్చుని మరో చక్రం కోసం వేచి ఉన్నాడు. ఆ ఛాయాచిత్రం సైకిల్ పందేల చరిత్రలో సుప్రసిద్ధం. మరునాడు కూడా వెనక్కు తిరిగి కొండెక్కి వెళ్లి నాయకుడిని ఆదుకున్నాడు. మాన్య్ టూర్ గెలిచాడు. వియెత్తో అయిదవవాడయ్యాడు. ఆ రెండు రోజులకు ఏ పట్టికలోనూ గడి లేదు.

కంప్యూటరు ఆటలోనూ ఇదే జరుగుతుంది. సీసాలు తెమ్మని, నాయకుడిని కాపాడమని మేనేజరు ఆజ్ఞాపించవచ్చు. ఆ పని చేసినవాడు చివరి వరుసలో గమ్యం చేరతాడు. నెలాఖరున అతని పేరు ఎదుట సున్న ఉంటుంది. ఆ సున్నను చూచి, ‘వీడు దండగ’ అని ఒప్పందాన్ని పొడిగించని పిల్లవాడు మరుసటి నెలలో తన నాయకుడు కొండ మొదట్లోనే అలసిపోవడం చూస్తాడు. కారణం పట్టికలో వెతికితే దొరకదు. కనుక మూడవ ప్రశ్న: ఈ పాయింట్ల వెనుక ఉండి, ఇందులో పేరు లేనివారు ఎవరు?

‘ఆటను ఆటగా చూడక ఇంత విచారణ ఎందుకు?’ అని మీరు అడగవచ్చు. పట్టికే లేకపోతే ఆటలో రుచి ఉండదన్న మాటా నిజం. రాళ్ల బాటనూ కొండ దారినీ ఏదో ఒక ఉమ్మడి నాణెంలోకి మార్చకపోతే జట్లను పోల్చలేము. తక్కువ డబ్బుతో మొదలై ఇరవయ్యవ స్థానం నుండి పదకొండవ స్థానానికి ఎగబాకిన పిల్లవాడి సంతోషాన్ని కాదనే అధికారం మనకు లేదు. పైగా వ్యక్తుల పట్టిక కంటె జట్ల పట్టిక న్యాయమైనదని నేను ఒప్పుకుంటాను. వ్యక్తుల పట్టికలో సహాయకుడు అసలే లేడు. జట్ల పట్టికలో పేరు లేకుండానైనా ఉన్నాడు. నాయకుడు తెచ్చిన పాయింట్లలో అతని చెమట కలిసే ఉంటుంది.

అంతకు మించి చేయడమూ అసాధ్యం కాదు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగులో గోలు కొట్టినవాడికి ఒక పాయింటు ఇస్తే, బంతిని పోలిన ఆ బిళ్లను అందించిన ఇద్దరి వరకూ ఒక్కొక్క పాయింటు ఇస్తారు. అందించడమూ గెలుపులో భాగమేనని అక్కడి నియమావళి వ్రాసుకున్నది. సైకిల్ లీగు నడిపే పిల్లలు తమ పట్టికలో ఒక గడిని అదనంగా గీసుకోవచ్చు. నాయకుడు గెలిచిన రోజున అతనితో ఉన్న సహాయకులెవరో అందులో వ్రాయవచ్చు. నియమాలు ఆకాశం నుండి ఊడిపడలేదని, తామే వ్రాయగలమని వారికి అప్పుడు తెలుస్తుంది.

ఈ విచారణ మనకెందుకో ఒక్క మాటలో చెబుతాను. మొత్తంలో కలవని సబ్జెక్టుకు ఇంట్లోనూ బడిలోనూ ఏ గతి పడుతుందో తెలుగు బోధించే మీకు, తెలుగు చదివించే మీకు వేరే చెప్పనక్కరలేదు. గడి లేనిదానికి విలువ లేదనుకునే బుద్ధి ఒక్కనాడు పుట్టదు. నెలనెలా పట్టికలు చదువుతూ అలవడుతుంది. దానిని మాన్పించే ప్రయత్నమూ నెలనెలా సాగవలసిందే.

కాబట్టి ఈ నెలాఖరున పట్టిక వెలువడినపుడు ‘ఎన్నో స్థానం?’ అని అడిగి ఊరుకోకండి. ఏ పందేలు జరిగాయో, పాయింట్లు ఎవరు నిర్ణయించారో, సీసాలు మోసినవారెవరో అడగండి. ఆ మూడింటికీ జవాబును నోటితో, పూర్తి వాక్యాలలో, తెలుగులో చెప్పమనండి. స్థానం చెప్పడానికి ఒక అంకె చాలు. కారణం చెప్పాలంటే భాష కావాలి.