జమా ఖర్చులు: బెండు తాడు

పోయిన సంచికలో నామినేషన్ల గురించి రాసింది చదివి, “అన్నయ్యగారూ, ఈసారైనా బ్యాంకు వదిలి బయటికి రండి” అన్నారు ఒక సోదరి. సరే, ఈసారి ఏకంగా సముద్రంలోకే పోదాం.

బి.కాం. చదివి ముప్పై ఏళ్ళుగా వోచర్లు తిరగేసేవాడికి సముద్రంతో పనేమిటని మీరడగవచ్చు. అందులోనూ మేముండేది వర్తూరు. మాకున్న నీళ్ళల్లా చెరువు నీళ్ళే. 2015లో ఆ చెరువు నురుగు ఎగిరి రోడ్డు మీదికి వచ్చిన సంగతి పేపర్లలో మీరూ చదివే ఉంటారు. చేపల మాట ఎత్తడానికి తగిన ఊరు కాదు. కానీ మా అక్కయ్య కొడుకు ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినవాడు మా ఊరి హార్డ్‌వేర్ షాపు నుంచి ముప్పై మీటర్ల నైలాన్ తాడు చుట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

“బట్టలారేసుకోవడానికి ఇంత తాడెందుకురా?” అన్నాను.

“బట్టలకు కాదు మావయ్యా, బెండుకి. అక్కడికంటే ఇక్కడ చవక.”

అప్పుడు బయటపడింది. వాడు సెలవురోజున సముద్రంలో మునిగి, స్పియర్‌గన్‌తో చేపలు కొడుతున్నాడు. పేరుకు గన్ గానీ అందులో మందుగుండు ఉండదు. గట్టి రబ్బరు పట్టీలు వెనక్కి లాగి తగిలిస్తే, మీట నొక్కగానే ఉక్కు బాణం దూసుకుపోతుంది. బాణానికీ గన్‌కీ మధ్య ఒక సన్నని తీగ ఉంటుంది. గన్ పిడి వెనక నుంచి నీటి పైన తేలే బెండు దాకా ఇంకో పొడుగాటి తాడు ఉంటుంది. అదే బెండు తాడు.

దాని ఉపయోగం తక్కువది కాదు. పెద్ద చేప లాక్కుపోతే గన్ వదిలేసి పైకి రావచ్చు. బెండును ఈడ్చి ఈడ్చి చేపే అలసిపోతుంది. బెండు మీద జెండా ఉంటుంది. ఆస్ట్రేలియాలో తెలుపు నీలం జెండా, అమెరికాలో ఎక్కువగా ఎర్ర గుడ్డ మీద తెల్ల అడ్డపట్టీ. అది చూసి పడవలవాళ్ళు ఇక్కడ కింద మనిషి ఉన్నాడని తప్పుకుపోతారు.

రెండేళ్ళ కిందట పెర్త్‌కు ఉత్తరంగా ఒకచోట వాడు పెద్ద వంజరాన్ని కొట్టాడట. వంజరం పరుగు మీకు తెలియనిదా! పిడి దగ్గర వేసిన ముడి జారిపోయింది. బెండు మాత్రం నీటిమీద మిగిలింది. గన్, బాణం, చేప అన్నీ పోయాయి. ఐదారువందల డాలర్ల నష్టం.

“మరి ఇప్పుడెలా కడుతున్నావు?”

“ఇప్పుడా? తాడుకు ఒక ఉచ్చు వేసి మణికట్టుకి తగిలించుకుంటున్నాను. ఇంక గన్ పోదు.”

వంటింట్లో మా అక్కయ్య అరిసెలు వత్తుతోంది. గొంతు తగ్గించి, “గన్ పోదు సరే, నువ్వు పోతేనో?” అన్నాను. పండగపూట నోటికి రాకూడని మాటే, కానీ వచ్చేసింది.

మా తరంలో ఈత నేర్చుకున్నవాళ్ళకు నడుముకి మునగబెండ్లో ఎండిన సొరకాయ బుర్రో కట్టుకుని బావిలో దూకిన రోజులు గుర్తుండే ఉంటాయి. దక్షిణ కొరియాలోని జేజు దీవిలో మునిగి నత్తలూ నాచూ ఏరుకునే ఆడవాళ్ళు కూడా పూర్వం సొరకాయ బుర్రనే బెండుగా వాడేవారు. 2016లో యునెస్కో వాళ్ళ సంప్రదాయాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చింది. అయితే మన బావిలో బెండు మనిషిని పైకి లాగేదే గాని, కిందికి లాగేది ఏదీ ఉండేది కాదు. ఇక్కడ తాడుకు ఒక కొసన బెండుంటే, రెండో కొసన ప్రాణభయంతో పారిపోయే చేప ఉంది. మధ్యలో మన చెయ్యి ఉండకూడదు. ముడి జారిందని వీడు ముడిని బాగుచేసుకోలేదు, మనిషిని కట్టేసుకున్నాడు. పత్రాలు సరిగా చూసుకోక అప్పు మునిగితే, తరవాతి అప్పుకు మేనేజరు తన ఇల్లే హామీ పెట్టినట్టుంది.

ఆ రాత్రి వాడికి ఈ విద్య నేర్పిన పెద్దమనిషికి ఫోన్ చేయించాను. తెరమీద ఆయన చూపిస్తుంటే ఇక్కడ మేము చేసి చూశాం. మా ఇంటి బాల్కనీ గ్రిల్లే గన్ పిడి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యానే చేప. దాని బరువు ఇరవై కిలోలు.

మొదట తాడు. కొన్న నైలాన్ ముక్క బకెట్లో వేస్తే మునిగింది. మా ఇంట్లోనే ఉన్న పసుపుపచ్చని పాలీప్రొపిలీన్ తాడు ముక్క తేలింది. బెండు తాడు నీటిమీద తేలాలి. మునిగితే రాళ్ళకూ కాళ్ళకూ చుట్టుకుంటుంది. పొడుగు కూడా దిగే లోతుకంటే బాగా ఎక్కువ ఉండాలి. లోతుకు ఒకటిన్నర రెట్లు పెట్టుకుంటానన్నారాయన.

తరవాత ముడి. మూటకు వేసే మామూలు ముడి వేసి క్యాను వేలాడదీసి ఊపితే, నాలుగో ఊపుకే జారింది. క్యాను నేలమీద పడి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ఆ పసుపు తాడు నున్నన, ముడి పట్టదు. అందుకని ఎనిమిది అంకె ముడి వేయమన్నారు. తాడు కొసను రెండు పేటలుగా మడిచి, ఆ మడతను తాడు చుట్టూ వెనకగా తిప్పి ముందుకు తెచ్చి, మొదట ఏర్పడిన కన్నంలోంచి దూర్చి లాగాలి. బిగించకముందు చూస్తే అచ్చం 8 అంకెలా ఉంటుంది. పేటలు ఒకదాన్నొకటి దాటకుండా సర్ది, నాలుగు కొసలూ విడివిడిగా లాగి బిగించాలి. జానెడు కొస వదలాలి. కొసను వెలిగించిన లైటరుతో కరిగిస్తే పురి విడిపోదు. ఈ ముడికి క్యాను అరగంట వేలాడినా చెక్కు చెదరలేదు.

మూడోది, ముడిని నేరుగా పిడి రంధ్రానికి వేయకూడదు. ప్లాస్టిక్ అంచు రాసుకుని తాడు తెగుతుంది. ముడి కన్నంలో స్టీలు కొక్కెం తగిలించి, ఆ కొక్కేన్ని పిడికి తగిలించాలి. కొక్కెం మూత మరతో బిగిసేదిగా ఉండాలి. ఊరికే నొక్కితే తెరుచుకునేది పనికిరాదు. కొక్కేనికీ తాడుకీ మధ్య గిరగిర తిరిగే స్వివెల్ ఒకటుంటే తాడు మెలిపడదు. సముద్రపు ఉప్పుకు మామూలు ఇనుము నెలల్లో తుప్పుపడుతుంది. అందరూ గన్ మీద వందలు పోసి, ఈ కొక్కెం దగ్గర పొదుపు చేస్తారట. మా బ్యాంకులోనూ అంతే. కోటి రూపాయల ఫైలు ఒక సంతకం దగ్గర చెడుతుంది.

నీళ్ళలో దిగాక ముందు తాడు తగిలించి, లాగి చూసి, ఆ తరవాతే రబ్బర్లు ఎక్కించాలి. ఒడ్డున ఎక్కించకూడదు. తాడు తెంపుకోవడానికి కత్తి ఒకటి చేతికందే చోట ఉండాలి. ఇవన్నీ మావాడు నోట్ చేసుకున్నాడు.

ఫోన్ పెట్టేసే ముందు ఆయనొక ప్రశ్న వేశారు. “నీ జత ఎవరు?” మావాడు నీళ్ళు నమిలాడు. ఒక్కడే వెళుతున్నాడని అప్పుడు తెలిసింది.

ఊపిరి బిగబట్టి మునిగేవాళ్ళకు అసలు గండం చేప కాదట. మునిగేముందు గబగబా గాలి పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలనే తహతహ పుట్టించేది అదే. హెచ్చరిక రాకుండానే ప్రాణవాయువు అయిపోయి, పైకి వస్తూ వస్తూ, తల తేలబోయే చోటే స్పృహ తప్పుతుంది. పక్కన మనిషి ఉంటే క్షణంలో లాగి మొహం పైకెత్తుతాడు. లేకపోతే ఎంత మంచి ముడైనా గన్‌ను కాపాడుతుందంతే. అందుకే ఒకరు కింద ఉంటే ఒకరు పైన ఉండి చూడాలి. బెండు తాడు ఎటు దిగిందో చూసి కిందివాడు ఎక్కడున్నాడో పోల్చుకోవాలి.

నాకు నల్లమల చెంచులు గుర్తొచ్చారు. కొండ చరియల్లో తేనె పట్టుకోసం తాడు పట్టుకుని లోయలోకి దిగుతారు. పైన తాడు దగ్గర కాపలాకి బావమరిదినే పెట్టుకుంటారని ప్రసిద్ధి. అక్క పసుపు కుంకుమల మీద తమ్ముడికుండే శ్రద్ధే ఆ తాడుకు అసలైన ముడి. ఈ మాట వాడికి చెప్పి, “మీ అమ్మకు తమ్ముణ్ణి నేను. అంతదూరం వచ్చి తాడు పట్టుకోలేను. అక్కడే ఒకణ్ణి వెతుక్కో” అన్నాను.

వాడు నైలాన్ చుట్ట మా ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. ఇప్పుడు దానిమీద బట్టలారుతున్నాయి. నెల తిరక్కుండా ఒక ఫోటో పంపాడు. నీలిరంగు నీళ్ళమీద రెండు బెండ్లు, రెండు జెండాలు. కింద “ముడి ఎనిమిది, మనుషులు ఇద్దరు” అని రాశాడు. మా అక్కయ్యకు చూపిస్తే “పడవ పందేలా?” అంది. అవునన్నాను. ఈ సంచిక ఆవిడ చదవకుండా చూసుకునే పూచీ మీది.

మీ పిల్లలు కూడా సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఉండవచ్చు. ఈసారి ఫోన్ చేసినప్పుడు భోంచేశావా అని అడిగాక ఇంకో మాట కూడా అడగండి: “నీ జత ఎవరు నాయనా?”