కారు మారవలెనా, చేయి మారవలెనా?

మన కొత్తవాడలో జంపఖానాలు నేయు నేతగాడు పరుల మగ్గము మీద కూర్చున్నప్పుడు వెంటనే మగ్గమును తిట్టడు. ముందుగా పడుగు బిగువును చేతితో తడిమి చూచును. నాలుగు పేకలు నేసి, మగ్గము తీరు తెలిసికొనును. మార్చవలసినది ఏదైన ఉన్నచో ఆ తరువాతనే మార్చును. పెద్దలకు చేతిలో ఉన్న ఈ వివేకమును మేము ఎవరును ఊహింపని ఒక చోట నేర్చుకొన్నాము. అది కంప్యూటరు తెర మీద కారు పందెము. దీనిని చదివి కొందరు నవ్వవచ్చును. నవ్వునకు ముందు మా మాట వినవలెనని పాఠక మిత్రులను కోరుచున్నాము.

సిమ్ రేసింగ్ అనునది నాణెములు ఏరుకొను పిల్లల ఆట కాదు. బల్లకు బిగించిన స్టీరింగు, కాళ్ళ వద్ద పెడళ్ళు, ఎదుట తెర ఉండును. టైరు పట్టు, స్ప్రింగు గట్టితనము, కారు బరువు, బాట వేడిమి మొదలగువాటిని కంప్యూటరు క్షణక్షణము లెక్కగట్టి, ఆ ఫలితమును స్టీరింగు ద్వారా చేతికి తెలుపును. అందులో మాకు ప్రియమైనవి టూరింగ్ కార్లు. రోడ్డు మీద మనము చూచు మామూలు కార్ల ఆకారముననే పందెము కొరకు సిద్ధము చేసిన కార్లివి. బ్రిటనులో ఇట్టి కార్ల పోటీ 1958 నుండి జరుగుచున్నది. మన దేశమున చెన్నై సమీపములోని ఇరుంగాట్టుకోట్టై బాట మీద ఈ జాతి కార్లు పరుగెత్తినవి. 2010లో ఫోక్స్‌వాగన్ పోలో కార్లకు ప్రత్యేకముగా ఒక కప్పు పోటీ మొదలైనది.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెము జరిగినది. ఆ రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు బాట మీద అంతకు ముందు ఆ కార్లు నడచినది లేదు. ఆ డ్రైవర్లు కొత్త బాటలకు ముందుగా సిమ్యులేటరులో అభ్యాసము చేసియే వత్తురు. ఆ దినమున గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ చివరి చుట్లలో బ్యాటరీలో విద్యుత్తు తరుగుచున్నను, వెన్నంటి వచ్చిన నిక్ కాసిడీని నిలువరించినాడు. తనకు లేనిదానిని గూర్చి చింతింపక, ఉన్నదానిని లెక్కగా వాడుకొన్నాడు. 2024లో జరుగవలసిన రెండవ పందెము రద్దయినది. కాని ఆ ఒక్క పందెము మాలో రేపిన ఉత్సాహము రద్దు కాలేదు.

మేము ఐదుగురము. ఒక మిత్రుని ఇంటి మిద్దె గదిలో పాత కంప్యూటరును, సెకండ్ హ్యాండు స్టీరింగును అమర్చుకొన్నాము. అంతవరకు మేము నడిపినవి వెనుక చక్రములు త్రోయు కార్లు. టూరింగ్ కారు ఎక్కిన మొదటి సాయంకాలము ఒక్కరమును మూడు చుట్లు నిలకడగా పూర్తి చేయలేకపోయినాము. మలుపులో వేగము పెంచిన కారు తిరుగక ఎదుటికి పోవును. భయపడి కాలు తీసిన తోక విసిరి గిరగిర తిరుగును. ఐదుగురి నోటను ఒకే మాట: "ఈ కారు బాగులేదు." మరునాటి నుండి స్ప్రింగులు మార్చితిమి, టైర్ల గాలి మార్చితిమి, బ్రేకులు మార్చితిమి. ఒకే గంటలో పది మార్పులు చేసి, ఏ మార్పు వలన ఏమి జరిగినదో తెలియక మరింత చెడగొట్టుకొన్నాము.

మాలో ఒకని తండ్రిగారు మండీబజారు దాపున కార్ల షెడ్డు నడుపుచున్నారు. అందరును వారిని ఉస్తాద్ అని పిలుతురు. ఒక రాత్రి కుమారుని తీసికొని పోవుటకు వచ్చి, కొంతసేపు నిలుచుండి మా విన్యాసములు చూచినారు. తెరను గాక, మా పాదములను చూచినారు. చివరకు ఇట్లన్నారు: "బేటా, బండి నా మాట ఇంటలేదని అంటున్నవ్. నువ్వు బండి మాట ఇన్నవా? మలుపుల అడుగు ఎందుకు తీసినవ్?"

ఆ ప్రశ్నకు జవాబు మా భౌతికశాస్త్ర పుస్తకములోనే ఉన్నది. మేమే దానిని అక్కడ వెదకలేదు. ఎడ్లబండిలో బస్తాలు వెనుకకు జరిగిన కాడి పైకి లేచును. ముందుకు జరిగిన ఎడ్ల మెడలపై బరువు పడును. కారులో బస్తాలు జరుగవు. బ్రేకు త్రొక్కినను, యాక్సిలరేటరు మీది కాలు తీసినను జడత్వము వలన చక్రములపై భారము ముందుకు మారును. ఈ జాతి టూరింగ్ కారులో ఇంజను ముందే ఉన్నది, శక్తియు ముందు చక్రములకే అందును. కావున ముందు టైర్లు కారును లాగవలెను, త్రిప్పవలెను, ఆపుటలో పెద్ద పాలు మోయవలెను. టైరు పట్టు నెల జీతము వంటిది. ఒక పద్దుకు ఎక్కువ ఖర్చు చేసిన మరొక పద్దుకు మిగులదు. మలుపు నడుమ యాక్సిలరేటరు గట్టిగా త్రొక్కిన, జీతమంతయు లాగుటకే ఖర్చై, త్రిప్పుటకు ఏమియు మిగులదు. కారు ఎదుటికి పోవుట అందువలననే.

ఇక తోక సంగతి. ముందు భాగము బరువైన కారు చురుకుగా తిరుగవలెనని దాని వెనుక భాగమును కొంత గట్టిగా బిగింతురు. అట్టి కారులో మలుపు నడుమ హఠాత్తుగా కాలు తీసిన, తేలికైన వెనుక టైర్లు ఇంకను తేలికై జారును. అదియును గాక, లాగు పని లేని వెనుక టైర్లు ఆలస్యముగా వేడెక్కును. మొదటి చుట్లలో వాటికి పట్టు తక్కువ. తోక జారినప్పుడు బ్రేకు త్రొక్కుట మనుష్యుని సహజ గుణము, అదియే ఇచట పెద్ద తప్పు. స్టీరింగును జారిన వైపునకు త్రిప్పి, యాక్సిలరేటరును మెత్తగా నిలిపిన, ముందు చక్రములు కారును లాగి తిన్నగా చేయును. భయము చెప్పినదానికి విరుద్ధముగా పాదము నడచుకొనవలెను. దీనిని ఉర్దూలో సబ్ర్ అన్నను, తెలుగులో ఓరిమి అన్నను ఒక్కటియే.

అప్పటి నుండి మేము ఒక నియమము పెట్టుకొన్నాము. రెండు వారములు కారులో ఏ మార్పును చేయరాదు. చేయి, పాదము మాత్రమే మారవలెను. తిన్నగా ఉన్న బాటలోనే బ్రేకు పని ముగించి, మలుపులో మెల్లగా వదలుచు, కారు మొగము బయటికి తిరిగిన తరువాతనే వేగము పెంచితిమి. ఆశ్చర్యమేమన, చెడ్డదని మేము తిట్టిన కారు మంచిదైనది. ఆ తరువాతనే నోటు పుస్తకము తెరచి, ఒకసారికి ఒకే మార్పు, దానిపై ఐదు చుట్లు, ఆపై ఫలితము వ్రాయుట మొదలు పెట్టినాము. వెనుక యాంటీ రోల్ బార్‌ను ఒక మెట్టు వదులు చేసితిమి. తోక శాంతించినది, కాని మొగము మొండికేసినది. బ్రేకు బలమును కొంచెము వెనుకకు మార్చితిమి. మలుపులోనికి దిగుట సులభమైనది, కాని తొందరపడిన చుట్టు తిరుగుట తప్పలేదు. ప్రతి మార్పును ఒక చేత ఇచ్చి, మరొక చేత తీసికొనును. ఏది ఇచ్చి ఏది పుచ్చుకొనవలెనో తేల్చుకొనుటయే సెట్టింగు అను విద్య.

ఇచట మా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. నేడు పెక్కురు ఇతరులు చేసిన సెట్టింగులను తెచ్చి తమ కారులో వేసికొందురు. అవి వేగము గల చేతుల కొరకు చేసినవి. ఆ చేయి లేనివానికి అవి మరింత జారుడు. పరీక్షల ముందు బజారు గైడు కొని బట్టీ పట్టు అలవాటునకును, దీనికిని భేదము లేదు. ప్రశ్న కొంచెము మారిన గైడు చదివినవాడు నిలిచిపోవును. వాన చినుకు పడిన అరువు సెట్టింగు వాడినవాడు గోడకు కొట్టుకొనును. జవాబు అరువు దొరకును గాని, జవాబునకు వచ్చిన దారి అరువు దొరకదు.

ఇదంతయు కాలయాపన కాదా అని పెద్దలు అడుగుదురు. 2011లో జాన్ మార్డెన్‌బరో అను బ్రిటిష్ యువకుడు గ్రాన్ టురిస్మో ఆట ద్వారా జరిగిన జీటీ అకాడమీ పోటీలో గెలిచి, 2013లో ఫ్రాన్సులోని లెమాన్ 24 గంటల పందెమున నిజమైన కారు నడిపినాడు. 2020లో కరోనా వలన పందెములు నిలిచిపోయినప్పుడు కొందరు ఫార్ములా వన్ డ్రైవర్లు సైతము ఇళ్ళ నుండి తెర మీద పోటీపడినారు. కాని ఈ ఉదాహరణలను చూపి మేము తప్పించుకొనము. అట్టి అదృష్టము లక్షలలో ఒకనిది. మా వాదమునకు ఆధారము అది కాదు.

పెద్దల భయములో నిజము కలదు. దానికి మేమే సాక్షులము. గత వానకాలములో మాలో ఒకడు మేనమామ కారు తీసికొని ములుగు రోడ్డు వైపు పోయినాడు. తడిసిన మలుపులో తెర మీది ధైర్యము చూపబోయి, రోడ్డు దిగి పొలము గట్టున నిలిచినాడు. దెబ్బలు తగులలేదు. ఎదుటి నుండి ఎవరును రాలేదు. అది నేర్పు కాదు, కేవలము అదృష్టము. ఆ రాత్రి మిద్దె గదికి తాళము వేయుదమా అని చాలసేపు తర్కించుకొన్నాము. తెర మీద ఒక మీట నొక్కిన పగిలిన కారు మరల నిలబడును. రోడ్డు మీద ఆ మీట లేదు. ఎదుట వచ్చు ఆటోలో ఎవరి తల్లియో, ఎవరి బిడ్డయో ఉండును. చివరకు తాళము వేయలేదు. నోటు పుస్తకము మొదటి పుటలో ఈ మాట వ్రాసి ఐదుగురము సంతకము చేసినాము: "ఇచట నేర్చినది రోడ్డు మీద నెమ్మదిగా పోవుటకే." ఆ మిత్రుడు మా అందరి కంటె ముందు సంతకము చేసినాడు. టైరు పట్టుకు హద్దు కలదని, ఆ హద్దు వానలో ఇంకను దగ్గరకు వచ్చునని తెలిసినవాడు వాననాడు వేగము తగ్గించుకొనవలెను. తగ్గింపనిచో అతడు నేర్చినది విద్య కాదు.

కావున కళాశాల పెద్దలకు మా మనవి ఇది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మూల ఒక స్టీరింగును, ఒక కంప్యూటరును ఉంచవలెను. ఘర్షణ, జడత్వము, కేంద్రాభిముఖ బలము అను పాఠములు చేతికి తెలియునట్లు చేయవలెను. అంతకంటె ముఖ్యముగా, నెలకొక దినము మన ఊరి షెడ్లలోని ఉస్తాదులను పిలిచి మా ఉపాధ్యాయుల ప్రక్కన కూర్చుండబెట్టవలెను. మన కళాశాలలో మెకానిక్కుల బిడ్డలు, ఆటో నడుపువారి బిడ్డలు ఎందరో కలరు. తండ్రి చేతి నల్లని నూనె మరకను చూచి సిగ్గుపడు కుమారులను మేము ఎరుగుదుము. మా మిత్రుడును ఒకప్పుడు అట్టివాడే. తండ్రి ఏమి పని చేయుదురని అడిగిన "వ్యాపారము" అని చెప్పువాడు. ఆ రాత్రి తరువాత "మా అబ్బా మెకానిక్, ఉస్తాద్" అని చెప్పుచున్నాడు. మేము గెలిచిన పందెములన్నిటి కంటె ఇది మాకు పెద్ద గెలుపుగా తోచుచున్నది.

సోదర విద్యార్థులారా! కారు మొరాయించినప్పుడు, పుస్తకము అర్థము కానప్పుడు, ఇంటివారు మన మాట విననప్పుడు మొదటి కోపము ఎదుటిదాని మీదికే పోవును. మార్చవలసినది ఎదుట కూడ ఉండవచ్చును. దానిని మార్చుటకు ముందు ఒకసారి మన పాదము ఎక్కడ ఉన్నదో చూచుకొందము.