శాసనసభలో ప్రశ్న – పల్లెలో దాని పుట్టుక

మంత్రులు మాట నిలుపుకొనరనియు, మన శాసనసభ్యులు సభలో నోరు మెదపరనియు రచ్చబండలయొద్ద తఱచు వినబడుచుండును. ఈ నిందలో కొంత న్యాయము లేకపోలేదు. కాని సభ్యుడు మంత్రి నేమని యడుగవలయునో, అందులకు వలయు వివరముల నెవ్వరు సమకూర్పవలయునో యోచించువారు మనలో మిక్కిలి యరుదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. అడుగుట యనునది యొక విద్య. ఆ విద్యను రైతులును, రైతుల సహకార సంఘములును నేర్చుకొననంతవఱకు శాసనసభలోని ప్రశ్నోత్తర సమయము మనకు పరుల సొత్తుగనే యుండును.

ప్రశ్నించు హక్కు మనదేశమున నొక్కనాట వచ్చినది కాదు. ఇంగ్లండులో ప్రభువుల సభయందు 1721లోనే కౌపర్ ప్రభువు ప్రభుత్వమును ప్రశ్నించినట్లు రికార్డు కలదు. దక్షిణ సముద్రపు కంపెనీ వాటాల వ్యాపారములో అసంఖ్యాకులు మునిగిపోగా, ఆ కంపెనీ కోశాధికారి దేశము విడిచి పాఱిపోయెను. అతడు పట్టుబడెనను వార్త నిజమేనా యని ఆనాటి ప్రశ్న. మనదేశమున 1861 చట్టము క్రింద నేర్పడిన సభలకు ఇట్టి హక్కు లేకుండెను. 1892 చట్టము ముందుగా నోటీసు ఇచ్చి ప్రశ్న వేయుటకు మాత్ర మనుమతించెను. వచ్చిన సమాధానముపై మాఱుమాట యాడుటకు వీలు లేదు. 1909 చట్టముతో ప్రశ్న వేసినవారికి మాత్రము ఉపప్రశ్న వేయు నవకాశము కలిగెను. 1919 చట్టము పిమ్మట ఆ యవకాశము తక్కిన సభ్యులకును లభించెను. ఇట్లు ఒక్కొక్క మెట్టు ఎక్కి వచ్చిన హక్కిది.

వీనిలో మొదటి ప్రశ్న యేదో రైతులు తెలిసికొనదగినది. 1893 ఫిబ్రవరి 16వ తేదీన గవర్నరు జనరలు శాసనసభలో భింగా రాజాగారు దానిని వేసిరి. దొరలు గ్రామములలో క్యాంపు చేయునపుడు వారి మకాములకు సరకులు సమకూర్పవలసి వచ్చి గ్రామములలోని చిల్లర వర్తకులు పడు నిక్కట్లను గూర్చి యది. మన పెద్దలకు 'వెట్టి' యన్నంతనే గుర్తునకు వచ్చు బాధకు అది దగ్గఱి చుట్టము. దేశపు శాసనసభలో పుట్టిన మొట్టమొదటి ప్రశ్నయే పల్లె కష్టమును గుఱించినదగుట మనము మఱవరాని విషయము.

స్వతంత్ర భారతమున ఈ హక్కునకు రాజ్యాంగమే పునాది. మంత్రివర్గము కేంద్రమున లోక్‌సభకును, రాష్ట్రమున శాసనసభకును సమష్టిగా బాధ్యత వహింపవలయునని రాజ్యాంగము విధించినది. బాధ్యత గలవాడు జవాబు చెప్పవలయును గదా! లోక్‌సభ సమావేశమైన దినమున మొదటి గంట ప్రశ్నలకే యుద్దేశింపబడినది. రాజ్యసభయందు 2014 నుండి అది మధ్యాహ్నము 12 గంటలకు మొదలగుచున్నది. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నలకు మంత్రి లేచి నోటిమాటగా సమాధానము చెప్పవలయును. దానిపై ఉపప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేని ప్రశ్నలకు వ్రాతమూలమున సమాధానము వచ్చును. లోక్‌సభలో దినమునకు నక్షత్రపు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 వఱకును పట్టికలో చేర్తురు. ప్రశ్నకు పదునైదు దినములు ముందుగా నోటీసు ఇయ్యవలయును. రాష్ట్ర శాసనసభలలోను ఇట్టి యేర్పాటే కలదు. నియమములలో కొంత భేదముండును.

ఇరువది ప్రశ్నలు పట్టికలో నున్నను గంటలో నాలుగైదింటికి మించి నోటి సమాధానము వచ్చుట యరుదు. కావున ఆ గంటలో ప్రతి నిమిషమును విలువ గలదే. గందరగోళముతో సభ వాయిదాపడిన దినమున నష్టపోవునది మంత్రి గాడు; ఆనాడు బోనులో నిలువవలసిన శాఖ సుఖముగా ఇంటికి పోవును. 'మా పక్షమువారు సభను స్తంభింపజేసిరి' అని గర్వించు సభ్యుని, 'ఆనాడు మా నీటిపారుదల ప్రశ్న యేమైనది?' అని మనము నిలదీయవలయును.

ఇక ప్రశ్న యెట్లుండవలయును? 'రైతుల కష్టములు ప్రభుత్వమున కెఱుకయేనా?' అని యడిగినచో, 'ఎఱుకయే. తగు చర్యలు తీసికొనుచున్నాము' అని సమాధానము వచ్చును. అడిగినవారికి తృప్తి, చెప్పినవారికి విశ్రాంతి, రైతునకు శూన్యము. అదే సభ్యుడు ఈ విధముగా నడిగెననుకొనుడు: ఫలాన మండలములో గడచిన పంటకాలమున ప్రభుత్వము కొనిన ధాన్య మెన్ని టన్నులు? సొమ్ము చెల్లించుటకు గడువెన్ని దినములు? ఆ గడువు దాటియు సొమ్ము ముట్టని రైతులెందఱు? వారికి రావలసిన మొత్తమెంత? ఏ తేదీలోపల చెల్లింతురు? ఇట్టి ప్రశ్నకు 'తగు చర్యలు' అను మాట చాలదు. అంకెయైన చెప్పవలయును, అంకె లేదనియైన ఒప్పుకొనవలయును. రెండును మనకు లాభమే.

అయితే ఈ ప్రశ్న వేయుటకు సభ్యునకు మండలము పేరు, తూకపు చీటీల తేదీలు, బాకీపడిన మొత్తము ఎవ్వరు చెప్పవలయును? హైదరాబాదులోనో, అమరావతిలోనో, ఢిల్లీలోనో కూర్చున్నవారికి అవి తెలియవు. ఆ చీటీలు మన ఇండ్లలోని పెట్టెలలో నున్నవి. ఆ లెక్కలు మన సంఘపు పుస్తకములలో నున్నవి. ప్రశ్నను సభలో పలుకునది సభ్యుడే గాని, అది పుట్టవలసిన చోటు పల్లెయే.

ఎవ్వరి నడుగవలయునో తెలియుటయు అంతే ముఖ్యము. రాష్ట్రమునకు చెందిన విషయమును పార్లమెంటులో అడిగిన ప్రశ్న అంగీకరింపబడదు. ఒకవేళ వచ్చినను 'ఇది రాష్ట్ర ప్రభుత్వపు విషయము' అను నొక్క వాక్యముతో ముగియును. కనీస మద్దతు ధర ప్రకటించునది కేంద్రము; ఎరువుల సబ్సిడీ నిచ్చునదియు కేంద్రమే. వీనిని లోక్‌సభ సభ్యుని ద్వారా అడిగింపవలయును. నీటిపారుదల, భూమి రికార్డులు, జిల్లాలోపల ఎరువుల పంపిణీ రాష్ట్రపు బాధ్యతలు. మన తెలుగు రాష్ట్రములు రెంటను ధాన్యము కొనుట పౌరసరఫరాల సంస్థల ద్వారా జరుగుచున్నది గావున, సొమ్ము ఆలస్యమును గుఱించి శాసనసభలోనే యడుగవలయును. సహకార సంఘముల విషయమున పలువురు పొరబడుచుందురు. 2021 జూలైలో కేంద్రమున సహకార మంత్రిత్వశాఖ వేఱుగా నేర్పడినది. అయినను ఒకే రాష్ట్రములో పనిచేయు సంఘముల చట్టమును, వాని రిజిస్ట్రారును రాష్ట్రమువే. ఒకటి కంటె నెక్కువ రాష్ట్రములలో పనిచేయు సంఘములు మాత్రమే కేంద్రపు చట్టము క్రిందికి వచ్చును.

'మంత్రికి సభలో బలమున్నది; ఒక ప్రశ్న యేమి చేయగలదు?' అని కొందఱందురు. 1957లో జరిగిన దానిని వారు స్మరింపవలయును. ఆ యేటి సెప్టెంబరులో రామ్ సుభగ్ సింగ్ గారు, జీవిత బీమా సంస్థ ఒక వర్తకుని కంపెనీల వాటాలలో పెట్టిన సొమ్మును గుఱించి లోక్‌సభలో ప్రశ్న వేసిరి. వచ్చిన సమాధానము సంశయమును తీర్చలేదు. డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ గారు ఏయే వాటాలు ఏ ధరకు కొనబడెనో, నాటి బజారు ధర యెంతయో లెక్కలతో సభ యెదుట నుంచిరి. వ్యవహారము రమారమి కోటి యిరువది నాలుగు లక్షల రూపాయలది; అది సామాన్య పాలసీదారుల సొమ్ము. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లాగారు 1958లో బహిరంగ విచారణ జరిపిరి. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారిగారు ఆ ఫిబ్రవరిలో పదవి విడిచిరి. ప్రశ్న వేసినవారును, చర్చ లేవదీసినవారును ప్రభుత్వపక్షమువారే యగుట గమనింపదగినది. ఆనాడు స్పీకరు పీఠమున నున్నవారు మన తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ప్రశ్నించుట ప్రతిపక్షపు వృత్తి మాత్రమే కాదు. ఓటు మన పక్షమున కిచ్చినను, ప్రశ్న మన పొలము పక్షమున వేయింపవలయును.

మంత్రిపదవి పోవుటయే ప్రశ్నకు ఫలమని తలపరాదు. ప్రశ్న అందినంతనే సచివాలయము నుండి జిల్లాకును, జిల్లా నుండి మండలమునకును తాఖీదులు పోవును. దుమ్ముపట్టిన కాగితములు బయటికి వచ్చును. క్రింది యుద్యోగులు దాచినది మంత్రికే మొదటిసారి తెలియవచ్చును. కావున మంచి మంత్రికి ప్రశ్న శత్రువు కాదు. 'వివరములు సేకరించుచున్నాము', 'పరిశీలింతుము' అని సభలో పలికిన మాటయు ఊరక పోదు. లోక్‌సభలో 1953 నుండి ప్రభుత్వ వాగ్దానముల కమిటీ యొకటి కలదు. ఇట్టి మాటలను అది యేర్చి, మూడు నెలలలో నెఱవేఱినవా లేవా యని విచారించును. మంత్రి యిచ్చిన మాటను మనమే మఱచిపోయినచో, ఆ కమిటీ యొక్కటే యెంతని వెంటాడగలదు?

ఈ హక్కు చెడిపోవు త్రోవలు రెండు కలవు. మొదటిది అమ్ముడుపోవుట. డబ్బు తీసికొని ప్రశ్నలు వేయుటకు సిద్ధపడిరని 2005 డిసెంబరులో రహస్య చిత్రముల మూలమున బయటపడగా, లోక్‌సభ సభ్యులు 10 మందియు, రాజ్యసభ సభ్యు డొకడును ఆ నెల 23న సభలనుండి బహిష్కరింపబడిరి. 2007లో సుప్రీంకోర్టు ఆ బహిష్కరణను సమర్థించెను. దీనినుండి మనము గ్రహింపవలసిన దేమి? ప్రశ్నకు విలువ యున్నది గనుకనే దానిని కొనువారుందురు. రైతు తన ప్రశ్న నందింపని చోట ఇతరులు తమ ప్రశ్న నందింతురు.

రెండవది, గంటయే లేకుండపోవుట. 1975లో అత్యవసర పరిస్థితి విధించిన పిమ్మట జరిగిన సమావేశములలో ప్రశ్నోత్తర సమయము నిలుపబడెను. 2020 సెప్టెంబరులో కోవిడు వ్యాధి కారణముగా మఱల నోటి ప్రశ్నలు లేకుండెను. వ్రాత సమాధానములు మాత్ర మిచ్చిరి. వ్యవసాయమునకు సంబంధించిన మూడు చట్టములు ఆ సమావేశములలోనే యామోదింపబడినవి. వానిని మెచ్చినవారును కలరు, నిరసించినవారును కలరు. ఆ వివాద మిచట మనకు ప్రసక్తము కాదు. కాని మంత్రిని ముఖాముఖి నడుగు గంట యొక్కటియు లేని సమావేశమున రైతు జీవితమును తాకు చట్టములు వచ్చుట మేలు గాదు. సభలో వేయబడని ప్రశ్నలు బాటలమీద వేయబడెను. 2021 నవంబరు 29న ఉభయసభలును ఆ చట్టముల రద్దునకు ఆమోదము తెలిపినవి. అదియు చర్చ లేకయే జరిగెను.

అడుగుట విద్యయని మొదట చెప్పితిమి. ఆ విద్యను రైతులకు నేర్పిన పెద్దలు మనకు లేకపోలేదు. 1930లో కేంద్ర శాసనసభ కెన్నికైన ఆచార్య రంగాగారు నిడుబ్రోలులో రైతు విద్యాలయము నెలకొల్పి, పల్లె కార్యకర్తలకు రాజకీయ విషయములు బోధించిరి. నేడు మనకు పాఠశాల దూరమున లేదు. మన సంఘపు మహాజనసభయే యది. అచట కార్యదర్శి లెక్క చదువుచుండగా నిద్రించి, ఫలాహారము వచ్చినపుడు మేల్కొను సభ్యునకు, శాసనసభలో నిద్రించు సభ్యుని నిందించు నధికార మేమున్నది? గోదాములో ఎరువు నిలువ యెంత, బాకీలు ఎవరెవరివి, ఆడిటరు చూపిన లోపములు దిద్దిరా యని మర్యాదగా, గట్టిగా అడుగువారు పదిమంది యున్న సంఘమునుండియే శాసనసభకు మంచి ప్రశ్నలు పోవును. 'ఊరిమీద ఊరు పడ్డను కరణముమీద కాసు పడదు' అను సామెత నిజమగుట అడుగువారు లేని యూరిలోనే.

కావున ప్రతి పరపతి సంఘమును ఈ చిన్న యేర్పాటు చేసికొనవలయునని మా సూచన. సంఘపు కార్యాలయములో 'ప్రశ్నల పుస్తకము' ఒకటి యుంచవలయును. సభ్యుడు తన కష్టమును తేదీ, స్థలము, మొత్తములతో అందులో వ్రాయవలయును. పార్లమెంటు సాధారణముగా బడ్జెటు కాలమునను, వానకాలమునను, చలికాలమునను సమావేశమగును. దానికి నెల ముందుగా పాలకవర్గము ఆ పుస్తకమును చూచి, కేంద్రమున కేవి, రాష్ట్రమున కేవి యని విడదీసి, ముఖ్యమైన రెండు మూడింటిని ఆయా సభ్యులకు తీర్మానముతో పంపవలయును. శాసనసభకును అట్లే. వచ్చిన సమాధానమును మహాజనసభలో బిగ్గరగా చదివి వినిపింపవలయును. సభ్యుడు వేయకున్నచో, ఏల వేయలేదో ఆయన మన యూరికి వచ్చిననాడు అడుగవలయును.

సభ్యుడు వేయకున్నను దారి మూసికొనిపోలేదు. పార్లమెంటునకుగాని శాసనసభకుగాని నిరాకరింపరాని సమాచారమును ఏ వ్యక్తికిని నిరాకరింపరాదని 2005 సమాచారహక్కు చట్టము చేయబడిననాడు అందు చెప్పబడెను. ఒక దరఖాస్తు వ్రాసి ఇచ్చినచో ముప్పది దినములలో సమాధాన మీయవలయును. 1893లో ఒక రాజు మాత్రమే సభలో నిలిచి పల్లె తరపున అడుగగలిగెను. నేడు చేతిలో తూకపు చీటీ యున్న ప్రతి రైతునకును ఆ యధికారము కలదు. దానిని వాడుకొనుట మన పని.