కరువు పని మీద కత్తెర!

గడ్డపార పట్టిన దంతాలపల్లి కూలీలకు సోమరితనం అంటగడతారా? మేమడుగుతున్నం, 2005 చట్టం భిక్షనా, హక్కా? పాత వరంగల్ జిల్లాకు 2006లో తొలివిడతలోనే వచ్చిన ఆ వంద రోజుల పనే కూలీకి బేరమాడే దమ్మునిచ్చింది. పత్తి ఏరే ఆడబిడ్డ 'కైకిలి ఎంతిస్తవ్?' అని అడగగలిగింది.

2025 డిసెంబర్‌లో కేంద్రం కొత్త చట్టం చేసింది. రోజులు 125 అన్నది. కానీ నాట్లు, కోతల కాలంలో 60 రోజులు పని బంద్! కైకిలి బేరం కుదిరేది అప్పుడే కదా! పాత చట్టంలో కూలి పైసలు పూర్తిగా కేంద్రానివి. కొత్త చట్టంలో ఖర్చులో 40 శాతం రాష్ట్రం నెత్తిన. రాష్ట్రం చేతులెత్తేస్తే పస్తులుండేదెవరు?

విద్యార్థులారా, ఉద్యోగులారా! మన చదువులకు, కొలువులకు పునాది ఆ అమ్మల చెమటే. వాళ్ల హక్కు కోసం కొట్లాడుదాం!